జీతంలో ఇంటి కంతు వాటా ఎంత?

కిందటి ఏడాది మే నెల. మాగాయ ముక్కలు ఎండలో వేసి, కాకులు రాకుండా డాబా మీద గొడుగు నీడలో కూర్చున్నాను. మా సోమాజిగూడ అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు ఎండ తగిలే చోటు డాబా ఒక్కటే కదా! మూడో అంతస్తులో అద్దెకున్న అమ్మాయి పైకి వచ్చింది. చేతిలో బ్యాంకు కాగితాలు, మొహంలో సంతోషమూ, భయమూ సగం సగం.

"ఆంటీ, బ్యాంకువాళ్ళు 72 లక్షలు ఇస్తామన్నారు. ఆయన శుక్రవారం సంతకాలంటున్నారు. నన్నూ పెట్టమంటున్నారు. మీరోసారి చూస్తారా?" అంది. (పిన్నిగారూ అంటే బాగుండునని నాకెప్పుడూ అనిపిస్తుంది. కానీ ఇప్పటి పిల్లలకి మనం ఆంటీలమే, ఏం చేస్తాం!)

ఆ అమ్మాయి అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లో పాఠాలు చెబుతుంది. చేతికి 40 వేలు వస్తాయి. భర్తది ప్రైవేటు ఉద్యోగం, కోతలన్నీ పోను 85 వేలు. ఇద్దరివీ కలిపి నెలకి లక్షా పాతిక వేలు. రాజ్‌భవన్ రోడ్డు వెనక సందులో ఒక పాత ఫ్లాటు బేరం కుదిరింది. రెండు పడకగదులు, ధర 90 లక్షలు. ఇంటి అప్పు 30 లక్షలు దాటి 75 లక్షల లోపైతే ఇంటి విలువలో 80 శాతం దాకా ఇవ్వచ్చని రిజర్వు బ్యాంకు నిబంధన. 90 లక్షల్లో 80 శాతం 72 లక్షలే కనుక బ్యాంకు సరిగ్గా అంతే ఇస్తానంది. 8 శాతం వడ్డీ, 20 ఏళ్ళు. నెలకి కంతు సుమారు 60,200 రూపాయలు.

"బ్యాంకువాళ్ళే ఇస్తామంటున్నారంటే మనం కట్టగలమనేగా ఆంటీ?" అంది.

ఈ మాట ఇంతకు ముందు కూడా చాలామంది నోట విన్నాను. మీరూ విని ఉంటారు, మీరే అని కూడా ఉంటారు. అందుకే ఈ వారం ఇస్త్రీ మరకల సంగతి పక్కన పెట్టి దీని గురించి రాస్తున్నాను.

బ్యాంకు చూసుకునేది తన డబ్బు తిరిగొస్తుందా లేదా అని. చేతికొచ్చే జీతంలో 40 నుంచి 50 శాతం దాకా, జీతం పెద్దదైతే ఇంకా పైన కూడా, కంతులకు పోవచ్చని చాలా బ్యాంకులు లెక్కగడతాయి. అందులో తప్పేం లేదు, వాళ్ళ వ్యాపారం వాళ్ళది. పైగా ఇల్లు వాళ్ళ దగ్గర తాకట్టులో ఉంటుంది. మీరు కంతు కట్టడం కోసం పిల్లల పాలల్లో నీళ్ళు కలిపారా, మామగారి బి.పి. మాత్రలు రోజు మార్చి రోజు వేశారా అన్నది వాళ్ళ దరఖాస్తులో ఉండే ప్రశ్న కాదు. ఆ లెక్క తెలిసింది ఇల్లు నడిపే మనిషికి. అంటే మీకు.

"మీ ఇంటి ఖర్చు ఎంతమ్మాయ్?" అని అడిగాను. "యాభై దాకా అవుతుందేమో ఆంటీ" అంది. 'ఏమో' అన్న మాట వినగానే కిందకి వెళ్ళి పుస్తకం, పెన్ను తెమ్మన్నాను. మాగాయ ముక్కలు తిరగేస్తూ ఆ అమ్మాయి చేతే రాయించాను.

పచారీ, పాలు, కూరలు కలిపి 16 వేలు. బాబు స్కూలు ఫీజు, బస్సు మొత్తం ఏడాదిది పన్నెండుతో భాగిస్తే నెలకి 9 వేలు. కరెంటు, గ్యాసు, నీళ్ళు, ఫోన్లు 6 వేలు. పనిమనిషికి మూడున్నర వేలు. పెట్రోలు, మెట్రో 6 వేలు. ఊళ్ళో అత్తమామలకి పంపేది 10 వేలు. మందులు, ఆరోగ్య బీమా 5 వేలు. జీవిత బీమా మూడున్నర వేలు. బట్టలు, పండగలు, పెళ్ళిళ్ళకి పెట్టుపోతలు, ఇవి కూడా ఏడాది లెక్క తీసి భాగిస్తే నెలకి 8 వేలు. కూడితే 67 వేలు. యాభై అనుకున్నది అరవై ఏడు!

ఇక్కడే చాలామంది పొరపడతారు. నెలనెలా వచ్చే ఖర్చు అందరికీ గుర్తుంటుంది. జూన్‌లో ఒకేసారి కట్టే ఫీజు, దసరా బట్టలు, ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షను ఎవరూ లెక్కలో రాయరు. అవి వచ్చినప్పుడు 'ఈ నెల ఏదో తేడా వచ్చింది' అనుకుంటాం. ఆ తేడా ప్రతి నెలా ఏదో ఒక పేరుతో వస్తూనే ఉంటుంది.

67 వేల పైన ఇప్పటి అద్దె 24 వేలు, చీటీ 10 వేలు. మొత్తం లక్షా వెయ్యి. మిగిలే 24 వేలు బ్యాంకులో వేసుకుంటున్నారు. చక్కటి సంసారం, వంక పెట్టడానికి లేదు.

ఇప్పుడు ఆ ఫ్లాటు కొన్నారనుకోండి. అద్దె పోతుంది, నిజమే. కానీ కంతు 60,200 వస్తుంది. సొంత ఫ్లాటుకి మెయింటెనెన్సు, ఇంటిపన్ను, ఎండాకాలం ట్యాంకర్ల వాటా కలిపి నెలకి 4 వేలైనా వేసుకోవాలి. 67 వేలు, 60,200, 4 వేలు కూడితే 1,31,200. జీతాలు లక్షా పాతిక. నెలకి 6,200 తక్కువ! బ్యాంకులో వేసుకోవడం సున్నా, చీటీ కూడా లేదనుకుంటేనే ఈ లెక్క.

ఆ అమ్మాయి రెండుసార్లు కూడి చూసింది. మూడోసారి ఫోనులో కూడింది. ఫోనూ అదే చెప్పింది.

సరే, మరి ఎంత వరకు పెట్టొచ్చు?

మూడోవంతు అన్న మాట మీరు వినే ఉంటారు. ఇది మన పెద్దలు చెప్పింది కాదు, చాలావరకు అమెరికా నుంచి వచ్చింది. అక్కడ ప్రభుత్వ గృహాల్లో ఉండే పేదల అద్దె వాళ్ళ ఆదాయంలో 25 శాతం దాటకూడదని 1969లో చట్టం చేశారు. 1981లో దాన్ని 30 శాతం చేశారు. ఇళ్ళకి అప్పులిచ్చే వాళ్ళు కూడా ఇంటి ఖర్చు 28 శాతం, అన్ని అప్పులూ కలిపి 36 శాతం దాటకపోతే మంచిదని చాలాకాలం చూసుకునేవారు. ఆ 28 శాతంలో కంతుతో పాటు ఇంటిపన్ను, ఇంటి బీమా కూడా కలిసి ఉంటాయి. మనవాళ్ళు ఒక్క కంతునే లెక్కవేసి 'మూడోవంతేగా' అంటారు. పైగా ఆ దేశపు లెక్కలో ఊళ్ళో అత్తమామలకి పంపే 10 వేలు, తమ్ముడి కాలేజీ ఫీజు లాంటి గడులు తక్కువ. మన ఇళ్ళలో జీతం ఒక్క సంసారానిది కాదు కదా!

అందుకని నా మట్టుకు నేను చెప్పేది ఇదీ: చేతికొచ్చే జీతంలో ఇంటి కంతు మూడోవంతు లోపే ఉండాలి. ఇంటితో పాటు స్కూటరు, ఫోను, ఫ్రిజ్జు వాయిదాలన్నీ కలిపినా 40 శాతం దాటకూడదు. అయితే ఈ మూడోవంతు అందరికీ ఒకేలా పనిచెయ్యదు. నెలకి 40 వేలు వచ్చే ఇంట్లో మూడోవంతు తీసేస్తే మిగిలేది 26,700. ఈ హైదరాబాదులో ఇద్దరు పిల్లలతో దాంతో నెల గడపడం కత్తి మీద సామే. వాళ్ళకి పాతిక శాతం కూడా బరువే. అదే 3 లక్షలు వచ్చే ఇంట్లో సగం కంతుకి పోయినా ఇంకా లక్షన్నర ఉంటుంది. టమాటా ధర ఇద్దరికీ ఒకటే. కనుక మీరు కంతు కట్టేశాక చేతిలో ఎంత మిగులుతుందో ముందు చూడండి. శాతం తరవాత చూసుకోవచ్చు.

ఇంకొక పరీక్ష కూడా ఉంది. ఇద్దరూ సంపాదించే ఇంట్లో ఒక జీతం ఏడాది పాటు ఆగితే ఏమవుతుంది? ఉద్యోగం పోవడమే కానక్కర్లేదు. రెండో కాన్పు రావచ్చు, పెద్దవాళ్ళు మంచాన పడితే మీరే ఇంట్లో ఉండాల్సి రావచ్చు. అప్పుడు తగ్గే మొత్తం ఎంతో లెక్కవేసి, ఆ డబ్బు విడిగా బ్యాంకులో డిపాజిట్ వేశాకే అప్పుకి వెళ్ళండి.

ఈ మాటలన్నీ పుస్తకంలో చదివి చెప్పడం లేదు. 1994లో మేము ఇప్పుడున్న ఫ్లాటు కొన్నాం. ఊళ్ళో పొలం అమ్మిన డబ్బు పోగా 2 లక్షలు అప్పు. నవ్వకండి, ఆ రోజుల్లో అది పెద్ద మొత్తమే. వడ్డీ 15 శాతం, 15 ఏళ్ళు. నెలకి 2,800 కంతు. మావారికి చేతికొచ్చేది 7,200. అంటే నూటికి 39 వంతు. 'మొదటి మూడేళ్ళూ కష్టమే, ఆ తరవాత జీతం పెరుగుతుంది, కంతు పెరగదు' అని అందరూ అన్నారు. అది నిజం కూడా. మాకూ అయిదో ఏడు నుంచి తేలికైంది. కానీ ఆ మొదటి మూడేళ్ళలో ఏం జరుగుతుందో ఎవరూ చెప్పరు.

వారపత్రిక కొనడం మానేసి పక్కింట్లో అడిగి చదివేదాన్ని. అది నవ్వుకునే సంగతి. 1996లో రాజమండ్రిలో మా అమ్మకి ఆపరేషన్ అని ఫోనొచ్చింది. నెలాఖరు. బీరువాలో, పోపుల డబ్బాలో అంతా వెతికితే 300 రూపాయలు. గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి టిక్కెట్టు కొనుక్కుని వట్టి చేతులతో వెళ్ళాను. ఆసుపత్రి ఖర్చంతా మా అన్నయ్య పెట్టాడు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అమ్మ కూడా 'ఇల్లు బాగుందా?' అనే అడిగింది. బాగుందమ్మా అన్నాను. ఆ రోజు నేను తీసుకెళ్ళలేకపోయిన రెండు వేలు ఈ ఇంటి గోడల్లో ఎక్కడో ఉన్నాయని ఇప్పటికీ అనిపిస్తూ ఉంటుంది.

పోనివ్వండి. అసలు విషయానికి వద్దాం.

కంతు ఒకసారి తేలితే ఇక మారదనుకోవడం మరో పొరపాటు. ఇప్పుడు ఇంటి అప్పుల్లో చాలావరకు మారే వడ్డీవే. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఇలాంటి అప్పుల వడ్డీ బయటి రేటుకి, ఎక్కువగా రిజర్వు బ్యాంకు రెపో రేటుకి, ముడిపడి ఉంటోంది. ఆ రెపో 2020 మే నుంచి 4 శాతం దగ్గరే ఉండి, 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు ఆరుసార్లు పెరిగి 6.5 శాతానికి చేరింది. ఏడాది తిరక్కుండా రెండున్నర శాతం!

దాని అర్థం ఇంట్లో ఎలా ఉంటుందో చూడండి. 50 లక్షల అప్పు 6.75 శాతానికి, 20 ఏళ్ళకి తీసుకుంటే కంతు సుమారు 38,000. అదే వడ్డీ 9.25 శాతమైతే కంతు 45,800. నెలకి 7,800 తేడా, అంటే ఒక ఇంటి పాలూ కూరల ఖర్చు. 'మాకేం పెరగలేదే, అదే కంతు కట్టాం' అంటారేమో. బ్యాంకు కంతు పెంచకుండా గడువు పెంచి ఉంటుంది. 50 లక్షలకి 9.25 శాతం చొప్పున ఒక నెల వడ్డీయే 38,500 అవుతుంది. అంటే అప్పు కొత్తదైతే కట్టిన కంతు వడ్డీకే చాలీ చాలదు, అసలు కదలదు. అరవై ఏళ్ళకి తీరాల్సిన అప్పు డెబ్భై ఏళ్ళకి జరిగిపోయినవాళ్ళున్నారు.

ఈ గొడవలు చూసే 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఒక ఉత్తర్వు ఇచ్చింది. వడ్డీ మారినప్పుడు కంతు పెంచుకుంటారా, గడువు పెంచుకుంటారా, రెండూ కొంత కొంతా అని బ్యాంకు మిమ్మల్ని అడగాలి. ఎంత అసలు తీరింది, ఎంత వడ్డీ పోయింది, ఇంకెన్ని కంతులున్నాయి అన్నది మూడు నెలలకోసారి కాగితం మీద చూపించాలి. ఆ కాగితం వస్తే పాత పేపర్ల కట్టలో పడెయ్యకండి. 2025లో రెపోని నాలుగుసార్లు తగ్గించి డిసెంబరుకి 5.25 శాతానికి తెచ్చారు. మీ అప్పుకి ఆ తగ్గింపు వచ్చిందో లేదో ఆ కాగితంలోనే తెలుస్తుంది. తగ్గితే పెరుగుతుంది కూడా. అందుకే అప్పు తీసుకునే రోజునే 2 శాతం ఎక్కువ వడ్డీ వేసి కంతు లెక్కగట్టించుకోండి. అది కట్టగలమనిపిస్తేనే ముందుకు వెళ్ళండి.

గడువు పెంచి కంతు తగ్గించుకోవడం అందరికీ తోచే ఉపాయం. 50 లక్షలు, 8 శాతం. 20 ఏళ్ళయితే నెలకి 41,800. 30 ఏళ్ళయితే 36,700. నెలకి 5 వేలు కలిసొచ్చినట్టే ఉంటుంది. కానీ మొత్తం కట్టేది 20 ఏళ్ళలో కోటి, 30 ఏళ్ళలో కోటీ 32 లక్షలు. 20 ఏళ్ళ అప్పులోనే మొదటి కంతులో 33,300 వడ్డీకి పోయి, అసలుకి జమ అయ్యేది 8,500. అయిదేళ్ళు కట్టాక, అంటే పాతిక లక్షలు కట్టాక, అసలు తగ్గేది ఆరు లక్షల చిల్లర. ఈ లెక్క మొదటిసారి చూసినప్పుడు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కాకపోతే మారే వడ్డీ అప్పుల్ని ముందుగా తీరిస్తే బ్యాంకు జరిమానా వెయ్యకూడదు. బోనసు వచ్చినప్పుడు ఏడాదికి ఒక్క కంతు ఎక్కువ కడుతూ పోతే 20 ఏళ్ళ అప్పు మూడేళ్ళకు పైగా ముందే తీరిపోతుంది.

ఇక మొదట చేతి నుంచి పెట్టుకునే డబ్బు. ఆ అమ్మాయి వాళ్ళకి 18 లక్షలు చాలనుకున్నారు. తెలంగాణలో 2021 జూలై నుంచి స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం. 90 లక్షలకి 6 లక్షల 75 వేలు. దీన్ని బ్యాంకు ఇంటి విలువలో కలపదు. మధ్యవర్తి కమీషను, రంగులు, చిన్న మరమ్మతులు కలిపితే 27 లక్షలకు తేలింది. వాళ్ళ దగ్గర ఉన్నది 21.

"మిగతాదానికి చీటీ పాడేద్దామనుకున్నాం ఆంటీ. 4 లక్షల దాకా వస్తుంది. ఇంకా రెండు లక్షలకి నా గాజులు..." అని ఆగింది.

చీటీ పాడితే అది పొదుపు కాదమ్మా, అప్పు. డబ్బు ముందే తీసుకుని మిగిలిన నెలలన్నీ కట్టుకుంటూ పోవాలి. బ్యాంకు కాగితాల్లో కనపడకపోయినా నెలకి 10 వేలు కట్టక తప్పదు. అప్పుడు ఆ 6,200 లోటు కాస్తా 16,200 అవుతుంది. పైన బంగారం మీద వడ్డీ. మన ఇళ్ళలో ఇంటి అప్పు ముంచడం తక్కువే, ఇంటి అప్పుకి తోడుగా చేసిన ఇలాంటి చిల్లర అప్పులే ముంచుతాయి.

సంతకం సంగతి కూడా చెప్పాలి. ఇంట్లో మీ పేరు కూడా ఉండటం మంచిదే, నేనెప్పుడూ అదే చెబుతాను. మహిళ పేరుంటే వడ్డీలో 0.05 శాతం తగ్గించే బ్యాంకులూ ఉన్నాయి. అయితే అప్పు కాగితం మీద మీ సంతకం ఉంటే ఆ అప్పంతా మీది కూడా. భర్త కట్టకపోతే సగమే అడుగుతారనుకోకండి. 90 రోజులు కంతు ఆగితే ఖాతా మొండి బాకీ కిందకి వెళుతుంది. 2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం 60 రోజుల నోటీసు ఇచ్చి, బాకీ కట్టకపోతే ఇల్లు స్వాధీనం చేసుకోవచ్చు. 2024 అక్టోబరు నుంచి ప్రతి అప్పుకీ అసలు వడ్డీ ఎంత పడుతుంది, ఫీజులెన్ని అన్నది ఒకే చోట రాసిన ముఖ్యాంశాల పత్రం ఇవ్వాలని నిబంధన ఉంది. అది అడిగి తీసుకుని, ఇంటికి తెచ్చుకుని, అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి. 'అక్కడ పెట్టండి మేడమ్' అన్న చోటల్లా పెట్టేసి రావద్దు. అప్పుతో పాటు అంటగట్టే బీమా పాలసీ తప్పనిసరి కాదు. సంపాదించే వాళ్ళ పేర విడిగా టర్మ్ బీమా ఉంటే చాలు, అది చాలావరకు చవక కూడా. ఆదాయపు పన్ను కలిసొస్తుందనే మాటని కూడా నమ్మేసుకోవద్దు. మనం ఉండే ఇంటికి ఏడాదికి 2 లక్షల వడ్డీ మినహాయింపు పాత పద్ధతిలోనే. కొత్త పద్ధతి ఎంచుకున్నవాళ్ళకి లేదు.

ఆ రోజు మేమిద్దరం కూర్చుని వెనక నుంచి లెక్క వేశాం. జీతంలో మూడోవంతు లోపు, 40 వేల చిల్లర కంతు. అంటే అప్పు 48 లక్షలు. అది ఇంటి విలువలో 80 శాతమైతే ఇంటి ధర 60 లక్షలు. సొంతంగా 12 లక్షలు, రిజిస్ట్రేషన్‌కి నాలుగున్నర. ఉన్న 21లో ఇంకా నాలుగున్నర మిగులుతుంది. ఆ అమ్మాయి జీతం ఏడాది ఆగితే, చీటీ మాట పక్కన పెట్టినా, తగ్గేది నెలకి 26 వేలు, ఏడాదికి 3 లక్షల పైచిలుకు. అది ఈ నాలుగున్నరలో సర్దుకుంటుంది. చీటీ పాడక్కర్లేదు, గాజులు చేతినే ఉంటాయి.

"60 లక్షలకి ఈ సందులో ఏమొస్తుంది ఆంటీ?" అంది. నిజమే, ఈ సందులో రాదు. పంజగుట్ట, బేగంపేట అంటూ మెట్రోకి దగ్గరగా ఉన్నామని మనం మురుస్తాం. అదే మెట్రో మియాపూర్‌కీ, నాగోలుకీ కూడా వెళుతుంది కదా అన్నాను. ఆ అమ్మాయికి ఆ మాట నచ్చలేదని మొహం చూస్తే తెలిసింది.

అప్పుడు ఒక పని చెప్పాను. మీకూ అదే చెబుతున్నాను. ఇల్లు కొనకముందే ఆరు నెలలు కొన్నట్టు బతకండి. అనుకున్న కంతుకి మెయింటెనెన్సు కలిపి, అందులోంచి ఇప్పుడు కట్టే అద్దె తీసెయ్యండి. వాళ్ళకి అది 20 వేలు. జీతం పడిన మర్నాడే ఆ డబ్బు విడి ఖాతాలో వెయ్యాలి, దాని కార్డు బీరువాలో పెట్టి తాళం వెయ్యాలి. ఆ ఆరు నెలల్లో జూన్ ఫీజులు, ఒక పెద్ద పండగ తప్పకుండా ఉండాలి. ఏ ఖర్చూ లేని నెలలు ఏరుకుని చేస్తే అది పరీక్ష కాదు.

శుక్రవారం సంతకాలు జరగలేదు. ఆ ఇంట్లో రెండు వారాలు మాటల్లేవట. ఆయనకి ఆ ఫ్లాటు మీద బాగా మనసుంది, తూర్పు వాకిలి, బాల్కనీలోంచి చెట్లు కనపడతాయి. ఆయనదీ తప్పని నేననను. అద్దె కట్టి కట్టి ఎవరికైనా విసుగొస్తుంది, ధరలు ఆగుతాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆ ఫ్లాటు ఆషాఢం లోపే ఇంకెవరో కొనుక్కున్నారు.

జూన్ నుంచి నవంబరు దాకా ఆ అమ్మాయి పుస్తకం రాసింది. మొదటి మూడు నెలలు 20 వేలు వేసింది. సెప్టెంబరులో అత్తగారికి కంటి ఆపరేషన్, ఏమీ వెయ్యలేదు. అక్టోబరులో దసరాకి ఆడపడుచు వాళ్ళొచ్చారు, 12 వేలే వేసింది. నవంబరులో మళ్ళీ 20. లక్షా ఇరవై వేలు ఉండాల్సిన చోట 92 వేలు. నెలకి సగటు 15 వేలు. అంటే వాళ్ళు నిజంగా మోయగల కంతు 40 వేలు కూడా కాదు, 35. అప్పు 42 లక్షల లోపు. నేను డాబా మీద కూర్చుని వేసిన మూడోవంతు లెక్క కూడా వాళ్ళకి ఎక్కువేనన్నమాట! 28 శాతం దగ్గర తేలింది. ఈసారి ఆ లెక్క వేసింది నేను కాదు, భర్తే. పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడట.

ఇంకా ఇల్లు దొరకలేదు. ఆదివారాలు ఇద్దరూ బాబుని తీసుకుని ఆ మెట్రోలోనే తిరిగి చూసి వస్తున్నారు. జనవరి నుంచి ఇంటివాళ్ళు అద్దె ఒక వెయ్యి పెంచారు. పుస్తకంలో 24 కొట్టేసి 25 రాసుకుంది. ఈ ఏడాది మాగాయకి డాబా మీద గొడుగు కింద నా పక్కన ఇంకో పీట వేసుకుంటానంది.

మీ ఇంటి లెక్క కూడా ఇలాగే రాసి పంపండి. పేరు రాయక్కర్లేదు. జీతమెంత, కంతెంత, నెలాఖరుకి చేతిలో ఎంత మిగులుతోంది అన్న మూడు అంకెలు చాలు.